ఎనిమిది కడుపులో ఏడు

డెల్మర్ హకబీ నోట్లో నువ్వుగింజ నానదు. కార్సన్ సిటీలో ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపినప్పుడు పిల్లలకంటే ఎక్కువ గోల ఆయనదే. మనిషి బంగారమే, కాదనం. కానీ నాణేల క్లబ్బులో ఆయన అడుగు పెడితే చాలు, జనం డబ్బీల మూతలు టపటపా వేసేస్తారు. వెండి మీద ఉమ్మి తుంపర పడిందంటే నెల తిరిగేసరికి ఈగ రెట్టంత మచ్చ తేలుతుంది, ఇక చచ్చినా పోదు. పన్నెండేళ్ల కిందట తోటి సభ్యుడు రస్ టిండల్ వెండి డాలరు మీదకి వంగి డెల్మర్ "అబ్బబ్బ, ఏం మెరుపు!" అన్నాడు. ఆ "బ్బ"లు రెండూ ఇప్పటికీ ఆ డాలరు మీదే ఉన్నాయి. రస్ ఆ సంగతి మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

అలాంటి డెల్మర్ ఆ శనివారం మధ్యాహ్నం మూతికి ఎర్ర రుమాలు కట్టుకుని, క్లబ్బు కూడే చర్చి కింది హాల్లోకి దిగాడు.

"దారి తప్పావురా, బ్యాంకు రెండు వీధుల అవతల," అన్నాడు రస్, చెర్రీ పళ్లు పెట్టి కాల్చిన పై ముక్క నములుతూ.

డెల్మర్ పట్టించుకోలేదు. ఆ రోజు విన్నీ ఓక్స్ గారు తన డాలరు ఇచ్చేస్తోంది. 1880లో ఆ ఊరి టంకశాలలోనే అచ్చయింది అది. అంతకుముందు ఏడాది, అంటే 1879, అచ్చుదిమ్మెనే తీసుకుని ఏడు మీద ఎనిమిది కొట్టేశారు. భూతద్దం పెడితే ఎనిమిది కడుపులో ఏడు ఇంకా దాక్కునే ఉంటుంది. అలాంటివి వెతికితే దొరుకుతాయి. కానీ ఏడూ ఉండి, నాణెం నేలంతా, అంటే బొమ్మ చుట్టూ ఉండే చదునంతా, అద్దంలా ఉన్నది దొరకడం గగనమే. డెల్మర్ ఇరవై ఆరేళ్లుగా వెతుకుతున్నాడు. ఆయన పెట్టెలో ఆ ఒక్క గుంటే ఖాళీ.

విన్నీ గారికి ఎనభై రెండు. చూపు మందగించి, ఆ ఏడు కనిపించడం మానేసింది. చూడగలిగినవాళ్ల దగ్గర ఉండాలని, పోయిన భర్త హార్లన్ కొన్న ధరకే ఇస్తానంది. కావాలన్నవాళ్లు ఇద్దరు, రస్, డెల్మర్.

"ముందు నువ్వు చూడు డెల్మర్," అంది ఆవిడ ఎదురుగా కూర్చుంటూ. "నాణెం డబ్బీ బయట ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడావో, అది రస్‌ది. నోరు కట్టుకుని కూర్చుంటే నీది."

"రుమాలు కట్టుకున్నాను కదండీ!"

"రుమాలు ఎవడైనా కడతాడు. నిన్ను నువ్వు కట్టుకోగలవా అని అడుగుతున్నా."

రస్ నవ్వుకున్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టదని ఆయన లెక్క.

నల్ల మఖమలు గుడ్డ మీద డాలరు పెట్టారు. నాణెం మీద అచ్చయిన ఆడమనిషి బొమ్మ చెంప మంచు పట్టినట్టు తెల్లగా ఉంది, చుట్టూ నేల మాత్రం నిండు బావిలా నల్లగా మెరుస్తోంది. భూతద్దం పెట్టాడు. ఉంది, ఏడు ఉంది! అరవబోయిన కేకని గుటక వేసి మింగాడు. తర్వాత స్కేలు నిలబెట్టి, నాణెంలో దాని అంగుళాల అంకెల నీడ ఎంత ఎత్తుదాకా చదవొస్తుందో చూడసాగాడు. అద్దం లోతు కొలిచేది అలాగే. ఆరు, ఎనిమిది, పది... చెమటలు పడుతున్నాయి, పెదవులు రుమాలు వెనక వాటంతట అవే ఆడుతున్నాయి, కానీ మాట బయటికి రాలేదు.

పన్నెండో అంకె దగ్గర, ఆ పైన, నాణెంలో విన్నీ గారి ముఖం కనిపించింది. ముక్కుపుటాలు ఎగిరాయి. కళ్లు మూసుకున్నాయి. నోరు తెరుచుకుంటోంది.

చెయ్యి అడ్డం పెడితే నాణెం మీద వేలిముద్ర పడుతుంది. అది తుంపరకంటే పాపం.

"విన్నీ గారూ, తుమ్మొస్తోంది, పక్కకి తిరగండి!"

ఆవిడ గిరుక్కున తిరిగి హాలు దద్దరిల్లేలా తుమ్మింది. రస్ చేతిలోని చెర్రీ పై పాడయిపోయింది. డాలరు మీద చుక్క కూడా పడలేదు.

డెల్మర్ రుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరేళ్లు నీళ్లపాలయ్యాయి. ఆయనకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"మాట అన్నాక మాటే," అంది విన్నీ గారు ముక్కు తుడుచుకుంటూ. "రస్, నీదయ్యా."

రస్ తన చెర్రీ పై వంక చూశాడు, నాణెం వంక చూశాడు. "నేను చెర్రీ పై తింటూ కూర్చున్నానండీ. తుమ్ము రాబోతోందని నేను చూడనే లేదు. వాడు తలే ఎత్తలేదు మరి, వాడికెలా తెలిసింది?"

"నాణెంలో కనపడ్డారు," అన్నాడు డెల్మర్. "కనురెప్పలతో సహా."

రస్ లేచి స్కేలుతో కొలిచాడు, గుడ్డ నుంచి ఆవిడ ముక్కుదాకా. పద్నాలుగు అంగుళాలు. "ఇంత లోతు అద్దాన్ని కాపాడినవాడిదే ఇది," అంటూ డాలరు ఉన్న గుడ్డని మెల్లగా డెల్మర్ వైపు జరిపాడు.

విన్నీ గారు డబ్బీని డెల్మర్ చేతిలో పెట్టింది. "నలభై ఏళ్లుగా ఎందరో వచ్చి దీన్ని చూశారు డెల్మర్. హార్లన్ కూడా రోజూ చూసేవాడు. ఇందులో నన్ను చూసినవాడివి నువ్వొక్కడివే."

"తుమ్మే ముఖం కదండీ," అన్నాడు డెల్మర్ కళ్లు తుడుచుకుంటూ. "చెప్పకూడదు గానీ, అదంత చూడముచ్చటగా ఏం లేదు."

"డబ్బీ మూత వేసి ఇంటికి పో," అంది విన్నీ గారు పడీ పడీ నవ్వుతూ, "నేను మనసు మార్చుకునేలోపు!"