పెళ్ళికూతురు లేని పందిరి

శనివారం పొద్దున ఉమ్ నాదా గుండె ఆపరేషన్. శుక్రవారంలోగా డబ్బు కట్టకపోతే ఆసుపత్రిలో ఆమెకు ఉంచిన మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మొగుడు వదిలేసి పోతే, కుట్టుమిషన్ మీద కూతుర్ని సాకుతున్న మనిషి. మా కైరో సందులో డబ్బా పట్టుకుని గడపగడపకీ తిరిగాను. మాంసం కొట్టు హాజీ జగ్లూల్ ఆమెకు దీవెనలిచ్చాడు. ఇనుము వ్యాపారి హాజీ బయూమీ కూడా అంతే, ఇంకాస్త పొడుగ్గా.

నేను పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుంటాను. చదివింపులిచ్చినవాడి పేరు వీధంతా మోగించడం నా పని. గురువారం సందుకు అడ్డంగా పందిరి వేయించి, రంగుదీపాలు కట్టించాను.

"పెళ్ళెవరిదిరా షఫీక్?" అన్నాడు జగ్లూల్.

"ఎవరిదీ కాదు హాజీ. ఉమ్ నాదా చదివింపుల పందిరి."

"అలా చెప్పవేం! మొన్న నీ డబ్బా చూసి దానం కాబోలనుకుని భయపడ్డాను."

చదివింపులంటే మాకు దానం కాదు. ఇచ్చినవాడి ఇంట్లో శుభకార్యమైనప్పుడు తిరిగి చదివించాల్సిందే. పెళ్ళికూతురి కుర్చీలో ఉమ్ నాదా శాలువా కప్పుకుని ఆయాసపడుతూ కూర్చుంది.

"హాజీ బయూమీ పదివేల పౌండ్లు! ఆయన కొడుకులకు, ఇనప బజారు మొత్తానికి సలాం!" అని అరిచాను.

జగ్లూల్ లేచాడు. "మాంసం కొట్టేవాళ్ళు చచ్చారా? ఇరవై!"

"నీ కత్తి నా ఇనుమేరా! నలభై!"

"నీ ఇనుము తుప్పు పడుతుంది. నా మాంసం సాయంత్రానికి మిగలదు! ఎనభై!"

మిగతావాళ్ళూ ఎగబడ్డారు. శుక్రవారం డబ్బు కట్టేశాం. ఉమ్ నాదా బతికింది.

ఆమె మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టిన రోజే జగ్లూల్ వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"ఒంట్లో బాగుందా? మరి నా చదివింపులు?"

"మీ ఇంట్లో పెళ్ళి పెట్టుకోండి హాజీ. పస్తులుండైనా చదివిస్తాను."

"ఆడపిల్లలందరికీ చేసేశానమ్మా. పెళ్ళి కావాల్సినవాళ్ళు ఎవరూ లేరు."

"అయితే ఆగాల్సిందే. మనవలు ఎదగాలి కదా."

జగ్లూల్ మీసం దువ్వుకున్నాడు. "అంతదాకా ఎందుకూ? మగాణ్ణి, నేనే ఇంకో..."

"ఊఁ, ఆగావేం?" గుమ్మంలో ఆయన భార్య ఇన్‌సాఫ్. కొట్టునుంచి తిన్నగా వచ్చింది, చేతిలో ఎముకలు కొట్టే కత్తి. "పెళ్ళికూతురెవరో కూడా చెప్పు హాజీ. షఫీక్ మైకులో చదువుతాడు."

జగ్లూల్ ఉమ్ నాదాకు దీవెనలిచ్చాడు. ఈసారి బయూమీ కంటే పొడుగ్గా.