ఏడు కాళ్ల తేలు

మల్దకల్ జాతరలో కబడ్డీ ఆటగాడు రాఘవేందర్ చేతి మీద తిమ్మక్క తేలు పచ్చబొట్టు పొడిచింది. ఆ బొమ్మ తాను గీసుకున్నదేనని అతను సంతకం చేసి ఒక వీడియో గేమ్ కంపెనీకి ఇచ్చేశాడు. గేమ్‌లో అతని పాత్ర గెలిచినప్పుడల్లా దాని చేతి మీది తేలు మెరిసేది, తిమ్మక్క కడుపు రగిలేది. కాపీరైట్ కేసు వేసింది.

కోర్టులో ఆమె అడిగింది ఒక్కటే. "నీదే అయితే అంగీ చెయ్యి కిందికి దించి, సూడకుండ గీసి సూపెట్టు బిడ్డా."

జడ్జి కాగితం ఇప్పించారు. రాఘవేందర్ నవ్వుతూ ఎనిమిది కాళ్ల తేలును గీశాడు. అతని చేతి మీద, గేమ్‌లో ఉన్న తేలుకు ఏడే కాళ్లు.

"కాళ్లన్నీ పొడిస్తె తేలు లేసి నడుస్తదని మా అవ్వ జెప్పింది," అంది తిమ్మక్క. "అందుకే మా ఇంట్ల ఎవ్వలు పొడిచినా ఒక కాలు ఇడిచిపెడ్తం."

కేసు తిమ్మక్క వైపే తేలింది. బయట వరండాలో రాఘవేందర్ ఆమె కాళ్ల మీద పడ్డాడు. "తప్పయింది అక్కా. నన్నేం జెయ్యమంటవో జెప్పు, జేస్త."

తిమ్మక్క సంచిలోంచి సూది తీసింది.

"ఏం లేదు బిడ్డా. చెయ్యి ఇటు సాపు. ఆ ఎనిమిదో కాలు గూడ పొడుస్త."