ఎవరు పోశారంటే

ప్రిన్సిపాల్ గోవర్ధనరావు గారు కుర్చీ చూపించినా నాంచారయ్య కూర్చోలేదు. పొద్దున్నే వేట నుంచి వచ్చి, ఆ చేపల కంపుతోనే బందరు బస్సెక్కాడు. పక్కన కొడుకు గోపి తల దించుకుని నిలబడ్డాడు. పదహారేళ్ళవాడు. నిన్న తాగి పాలిటెక్నిక్ క్లాసుకొచ్చి బెంచీ మీదే కక్కుకున్నాడు. సీటు ఉంటుందో ఊడుతుందో ఈ పూట తేలాలి.

"ఎందుకు తాగావురా? ఎవరు పోశారు?" అన్నారు ప్రిన్సిపాల్.

గోపి ఓరగా తండ్రి వైపు చూశాడు.

ఎవరు పోశారో నాంచారయ్యకి తెలుసు. వేసవిలో వేట ఆపేసిన రెండు నెలలూ పేటలో మగాళ్ళంతా పాకలో కూర్చుని వలలు బాగు చేసుకుంటారు. కొత్త వల మీద గంగమ్మ పేరు చెప్పి నాలుగు చుక్కలు మందు చిలకరించి, ఆ వల ముట్టేవాడల్లా ఓ గుక్క తాగడం తాతల నాటి ఆనవాయితీ. ఈ ఏడు పదో తరగతి రాసొచ్చిన గోపి చేతికి గ్లాసొచ్చింది. వద్దన్నాడు.

"అయితే లెగు. పోయి మీ అమ్మ పక్కన ఎండుచేపలు ఏరుకో" అన్నాడు నాంచారయ్య. పాకంతా గొల్లున నవ్వింది.

"ఆ మీసం కూడా గీయించెయ్ బావా, ఆడికెందుకది" అన్నాడు బావమరిది సతీష్.

గోపి కళ్ళు మూసుకుని మింగేశాడు. నాంచారయ్య వాడి వీపు తట్టి, "నా కొడుకంటే ఈడు" అన్నాడు. పుట్టాక వాణ్ణి అంత ముద్దు చేసింది లేదు. ఆ ముద్దు కోసం వాడు రోజూ పాకలోకి వచ్చి గ్లాసు అందుకున్నాడు. కాలేజీలో చేరినా ఆ అలవాటు వదల్లేదు. చదువుకున్నవాళ్ళు స్నేహాలనీ సినిమాలనీ సవాలక్ష కారణాలు చెబుతారు. ఇక్కడ కారణం ప్రిన్సిపాల్ గారి బల్లకి ఇవతలే నిలబడి ఉంది.

"నిన్నేరా అడుగుతున్నది" అన్నారు ప్రిన్సిపాల్ మళ్ళీ.

"ఫ్రెండ్సండీ" అన్నాడు గోపి. "పామర్రు కుర్రాళ్ళు. పేర్లు తెలీదు."

నాంచారయ్య నోరు తెరిచాడు. నేనే పోశానయ్యా అనాలి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. దానికన్నా ముందు చెయ్యి లేచింది. గోపి చెంప చెళ్ళుమంది.

"ఎదవ సావాసాలు చేత్తావా" అన్నాడు.

"చాలు, ఆగండి" అంటూ ప్రిన్సిపాల్ లేచారు. "మీ మొహం చూసి ఈసారికి వదిలేస్తున్నాను. తండ్రులందరూ మీలా ఉంటే మాకీ గొడవే ఉండదండీ."

నాంచారయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. దించితే మొహం కనబడుతుందని చాలాసేపు దించలేదు.

వరండాలోకొచ్చాక గోపి చెంప తుడుచుకుని, "నువ్వేం చెప్పమాక నాన్నా. అమ్మక్కూడా" అన్నాడు.

నాంచారయ్య తలూపాడు. అలా ఊపడం ఎంత తేలికో తెలిసొచ్చాక, కొడుకు పక్కన నడవలేక నాలుగడుగులు వెనకే నడిచాడు.