ఆరువేల లీటర్ల ట్యాంకు

గాబెస్ రేవు పక్కనున్న జిగురు ఫ్యాక్టరీలో మున్జియా కెమిస్టు. ఆమె తయారుచేసిన కొత్త జిగురు రెండు లీటర్ల గాజుపాత్రలో ఏడుసార్లు చక్కగా కుదిరింది. వెంటనే ఆరువేల లీటర్ల ట్యాంకులో మొదలెట్టమన్నాడు యజమాని.

"పెద్ద ట్యాంకులో అంత తొందరగా కలవదండీ. అందులో పోసే యాసిడ్ ఒకచోటే పోగుపడితే ఆ వేడిని ఆపలేం. ఒక్క వారం ఆగండి," అంది మున్జియా.

"తిప్పే రెక్క పెద్దదే పెట్టించాంగా! నీ భయాలకోసం సరుకెత్తే ఓడ ఆగుతుందా?"

ఆమె పెద్ద ట్యాంకుకు కావలసిన కొలతలు రాసిచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆపరేటర్ లజ్హర్ యాసిడ్ వాల్వు తిప్పాడు.

"నెమ్మదిగా, బాబాయ్," అంది మున్జియా.

"నువ్వు పుట్టకముందునుంచీ చేస్తున్న పనేలే, తల్లీ," అని నవ్వాడతను.

రెక్క అందని చోట పేరుకున్న యాసిడ్ ఇరవై నిమిషాల తర్వాత ఒక్కసారిగా కలిసింది. మూత ఎగిరిపోయి, మరుగుతున్న జిగురు లజ్హర్ మీద పడింది. మూడోరోజు ఆసుపత్రిలో అతని ప్రాణం పోయింది.

మున్జియా పలకరించడానికి వెళ్తే అతని భార్య మబ్రూకా ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ చిన్న గిన్నెలో బాగానే వచ్చిందటగా, అమ్మా?"

"వచ్చింది, పిన్నీ. పెద్దదాంట్లో ప్రమాదమని నాకు తెలుసు. గట్టిగా అడ్డుపడలేదు."

మబ్రూకా చెయ్యి వదిలేసి, లోపలికెళ్లి తలుపేసుకుంది.