ఏడుపు ఫోటో

"ఏం తేజా, వెళ్ళింది సేవకా, పిక్నిక్‌కా?" అన్నారు విశ్వనాథం, లాప్‌టాప్‌లో ఫోటోలన్నీ చూసి. "ఒక్కడైనా ఏడవడే! వీళ్ళని చూసి ఎవరు స్పాన్సర్ చేస్తారయ్యా? ఆదివారం స్లైడ్ షోకి ఒక్క ఏడుపు ఫోటో పట్రా. పన్నెండు మంది పిల్లల చదువు మరి."

అమెరికాలో షామ్‌బర్గ్ తెలుగు చర్చిలో సేవాసంఘానికి పెద్ద ఆయనే. మంచివాడే, కాదనలేం. కాకపోతే కన్నీళ్ళు రాలితే తప్ప చేతులు లేవవని ఆయన గట్టి నమ్మకం.

తేజేశ్వర్ మేనేజర్‌ని బతిమాలి రెండు వారాలు సెలవు పెట్టి, సంఘం తరఫున ఆఫ్రికాలోని మలావీలో ఒక పల్లెకి వెళ్ళొచ్చాడు. అక్కడ బడి గోడకి ఇటుకలు మోశాడు. మోశాడనడం కాస్త పెద్ద మాట. అతను నాలుగు మోసేలోపు అక్కడి ఆడవాళ్ళు నలభై మోసి, అతన్ని నీడన కూర్చోబెట్టి మొక్కజొన్న గంజి పోశారు. కెమెరా బయటికి తీసేసరికి ఎస్నాత్ అనే తల్లి పిల్లల్ని లోపలికి లాక్కెళ్ళి, మొహాలు కడిగి, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడిగి తెచ్చింది. "మా పిల్లలు ఏడుస్తున్నట్టు ఎవరికీ చూపించకు" అంది. సరేనని మాటిచ్చాడు.

ఇప్పుడు మాట నిలబెట్టుకుంటే ఆ పిల్లల చదువు పోయేలా ఉంది. రెండు రోజులు కొట్టుమిట్టాడి, శనివారం పాత సూట్‌కేసు అడుగునుంచి ఒక ఫోటో తీసి స్కాన్ చేశాడు. "దొరికింది అంకుల్. మామూలు ఏడుపు కాదు" అని విశ్వనాథానికి ఫోన్ చేశాడు, నవ్వు ఆపుకుంటూ.

ఆదివారం హాల్లో తేజేశ్వర్ పేర్లు చెబుతుంటే, ఎస్నాత్ పిల్లలతో మొదలై నవ్వు మొహాలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చి వెళ్ళాయి. జనం మర్యాదకి చప్పట్లు కొట్టి సమోసాల వైపు చూడసాగారు. అప్పుడు పడింది ఆ ఫోటో. ఎనిమిదేళ్ళవాడు, ఒంటిమీద చొక్కా లేదు, ముక్కు కారుతోంది, కళ్ళనిండా నీళ్ళు. హాలంతా "అయ్యో" అంది. విశ్వనాథం మొహం వెలిగిపోయింది.

ముందు వరసలోంచి సుబ్బులు ఆంటీ కొంగుతో కళ్ళొత్తుకుంటూ లేచింది. "అచ్చం మన పిల్లాడిలా ఉన్నాడమ్మా! వీణ్ణి మేం తీసుకుంటాం, రాసుకో బాబూ."

"లేట్ అయిపోయింది ఆంటీ" అన్నాడు తేజేశ్వర్. "వీణ్ణి పాతికేళ్ళ క్రితమే ఒహాయోలో ఒక ముసలావిడ తీసేసుకుంది. ఒంగోలు హాస్టల్లో చదివించింది. ఇప్పుడు హెచ్‌వన్ వీసా మీద ఇక్కడే ఉన్నాడు. పోయిన నెల మీ ఇంట్లో గుత్తివంకాయ మూడుసార్లు వడ్డించుకున్నాడు."

హాలు ఘొల్లున నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే తెరనీ తేజేశ్వర్‌నీ మార్చి మార్చి చూశారు. నవ్వు ఆగిపోయింది.

"ఆకలేసి ఏడ్చావా నాయనా?" అంది సుబ్బులు.

"కాదాంటీ, ఆ రోజు కడుపునిండా తిన్నాను. క్రిస్మస్‌కి మా అమ్మ కొత్త చొక్కా కుట్టించింది. ఫోటోకి బావుండదని, తీయడానికొచ్చినవాళ్ళు విప్పించేశారు."

నవ్వుతూ చెబుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. అందరూ తలలు దించుకున్నారు. ఇంకేముంది, తన తెలివితేటలతో పన్నెండు మందినీ ముంచేశానని భయపడ్డాడు.

సుబ్బులు నేరుగా విశ్వనాథం బల్ల దగ్గరికి నడిచి ఒక ఫారం లాక్కుంది.

"ఆ ఎస్నాత్ పిల్లల్లో ఒకర్ని నాకు రాయండి."

ఆయన పెన్ను తీశారు. ఆమె వెనక కుర్చీలు కదులుతున్నాయి, ఒక్కొక్కరే లేచి లైన్లోకి వస్తున్నారు.

"కింద ఇదీ రాయండి విశ్వనాథం గారూ" అంది సుబ్బులు. "నా కోసం ఏ బిడ్డ చొక్కా విప్పొద్దు."