పదును చూసే మూల

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే మా అత్తయ్య చేలోకి వెళ్ళింది. పల్లపు మూలలో, గట్టు పక్కన జానెడు లోతు తవ్వి, గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో బిగించింది. వేళ్ళు విప్పితే మట్టి ముద్దగా నిలిచింది.

"పదునే. ట్రాక్టర్‌ని రమ్మనండి" అంది.

మా ఇంట్లో ఆ మాటకు తిరుగు లేదు. గింజ మొలిచి, మళ్ళీ వాన పడేదాకా బతకాలంటే మట్టిలో ఎంత తడి ఉండాలో అదీ పదును. మామయ్య బతికున్నప్పుడు ఆయన చూసేవాడు, అంతకు ముందు ఆయన తండ్రి. అందరూ ఆ మూలలోనే తవ్వారు. అక్కడే ఎందుకని కొత్తకోడలిగా ఒకసారి అడిగాను. "చూసే చోటు అదే" అన్నారు. నోరు మూసుకున్నాను. అది నాకు అంత తేలిగ్గా వచ్చే విద్య కాదు.

ఈసారి మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఆ వానను నా కళ్ళతో చూశాను. నెల రోజులు మొండికేసి, చివరికొచ్చి గంటసేపు కుండపోతగా కొట్టి పోయింది. నీళ్ళు చేలో ఇంకనే లేదు, ఎర్రగా పరుగెత్తి పోయాయి. పూర్వం మూడేసి రోజులు ముసురు పట్టేదని చెప్పింది అత్తయ్యే.

ఇంట్లో ఉన్నవి రెండు బస్తాల వేరుశనగ గింజలు. పోయినేడు ఎండకు మాడగా మిగిలిన పంటలోంచి ఏరి దాచిన కాయలు. పది రోజులు ముగ్గురం కూర్చుని బొటనవేళ్ళు వాచేలా ఒలిచాం. మా రెండెకరాలకు సరిగ్గా సరిపోతాయి. మొలిచి ఎండిపోతే మళ్ళీ విత్తడానికి గింజ లేదు, ఆ ఏడాదికి పంటా లేదు. పోనీ ఆగుదామంటే, ఒలిచిన గింజ ఎక్కువ రోజులు నిలవదు.

"ఇంకో చోట కూడా చూద్దాం అత్తయ్యా" అన్నాను.

"ఇన్నేళ్ళుగా చూస్తున్నది చాల్లేదా?"

మధ్యలో మా ఆయన. అమ్మను కాదనలేడు, నన్నూ కాదనలేడు. అలాంటప్పుడు ఆయనకు ఫోన్ పని గుర్తొస్తుంది.

ట్రాక్టర్ డ్రైవర్‌ని మా ఊళ్ళో 'ఐదు నిమిషాలు' అంటారు. ఎప్పుడు పిలిచినా ఐదు నిమిషాల్లో ఉంటానని మధ్యాహ్నానికి వస్తాడు. మా ఖర్మ కొద్దీ ఆ రోజు నిజంగానే ఐదు నిమిషాల్లో వచ్చాడు.

"తొందరగా కానివ్వన్నా. ఇంకా పదకొండు మంది కాచుక్కూర్చున్నారు. ఇవాళ తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు" అన్నాడు.

మా ఆయన ఒక బస్తా విప్పి విత్తే యంత్రంలో పోశాడు. దారి పక్క మెరక నుంచి మొదలుపెట్టారు. నేను వెనకే నడిచాను. చాలు మీద చాలు పడుతోంది, బస్తా కరుగుతోంది. యంత్రం పళ్ళు చీల్చిన చోట మట్టి పైన నల్లగా, కింద తెల్లగా కనిపించింది. కూర్చుని చేత్తో తవ్వాను. నాలుగు వేళ్ళ లోతు తడి. దాని కింద పొడి దుమ్ము.

అరిచాను. ఇంజన్ మోతలో ఎవరికీ వినపడలేదు. ఒళ్ళు మండిపోయి, పరుగెత్తుకెళ్ళి ట్రాక్టర్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"పక్కకు తప్పుకో అక్కా. నాకు టైము లేదు."

"ఐదు నిమిషాలు ఆగు" అన్నాను.

తన మాట తనకే తగిలేసరికి ఇంజన్ ఆపేశాడు.

"అందరి ముందూ అమ్మ మాట తీసిపారెయ్యాలా?" అన్నాడు మా ఆయన, పళ్ళ బిగువున.

అత్తయ్య గట్టు మీంచి వచ్చింది. కింది మట్టి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి మట్టి జారిపోయింది. చేను నడుమకు వెళ్ళి ఒకచోట తవ్వింది, ఇంకోచోట తవ్వింది. అదే దుమ్ము. తర్వాత ఆ పల్లపు మూల వైపు తిరిగింది.

"నీళ్ళన్నీ అక్కడికే పారాయి" అంది. "మా రోజుల్లో చేనంతా ఒకటే తడి. ఆ మూల చూస్తే చేను చూసినట్టే."

గెలిచింది నేనే, కానీ ఏడుపొచ్చింది. ఒక బస్తా అప్పటికే మట్టిలో పడిపోయింది. రెండోది మూతి కట్టు విప్పకుండానే ఇంటికి తెచ్చాం.

విత్తినవి మొలిచాయి, పదిహేనో రోజుకు నిలువునా ఎండిపోయాయి. చుట్టుపక్కల చేలూ అంతే. ఇరవై రెండో రోజు వాన పడింది. మర్నాడు అత్తయ్య పార తెచ్చి నా చేతికిచ్చింది.

"నువ్వు చూడు."

"మీరుండగా నేనా?"

"ఎక్కడ చూడాలో నాకిప్పుడు తెలీదమ్మాయ్."

ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆరు చోట్ల తవ్వాను. నాలుగు చోట్ల ముద్ద నిలిచింది, రెండు చోట్ల విరిగింది. గట్టు దగ్గర ట్రాక్టర్ ఆగింది. మా ఆయన బస్తా పట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురూ నా పిడికిలి వైపే చూస్తున్నారు. మళ్ళీ వాన ఎప్పుడో, అసలు ఉందో లేదో నాకేం తెలుసు?

"పదునే" అన్నాను, అచ్చం అత్తయ్య అన్నంత గట్టిగా. ఇన్నేళ్ళూ ఆవిడ కూడా ఇలా లోపల వణుకుతూనే ఆ మాట అనేదేమో.

మా ఆయన బస్తా మూతి విప్పాడు.