పెరటి గుమ్మం దగ్గర కాఫీ పిప్పి

ఆత్మకూరు బస్టాండు దగ్గర వెంకటరమణయ్య కాఫీ హోటలు పెట్టిన ఏడే ఆయన చెల్లెలు సుబ్బరత్నమ్మ పుట్టింటికి వచ్చి చేరింది. ఉదయగిరిలో నాలుగేళ్లు కాపురం చేసింది. భర్త విషజ్వరంతో పోయాక అత్తగారింట్లో ఆమెకు చోటు లేకపోయింది. అన్న వంటింటి వెనక గది ఇచ్చాడు.

ఇంటి ముందుభాగమే హోటలు. సుబ్బరత్నమ్మ అందులో అడుగుపెట్టేది కాదు. వెనక ఉండి పొయ్యి రాజేసి, గుడ్డసంచిలో పొడి పోసి, డికాషన్ తీసి పంపేది. ఉదయగిరి బస్సులో దిగినవాళ్లూ, నెల్లూరు బస్సు ఎక్కేవాళ్లూ ఆ కాఫీయే తాగేవారు. ఆమెకు మాత్రం లేదు.

"మొగుడు పోయిన మనిషికి రుచులేంది?" అని వదిన వరలక్ష్మమ్మ మొదటిరోజే చెప్పింది. కోపంగా ఏం కాదు, ఉప్పు జాడీ ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

పొగకో, నిద్ర చాలకో సుబ్బరత్నమ్మకు తరచూ తలనొప్పి వచ్చేది. ఒకరోజు కణతలు పగిలిపోతుంటే, సంచిలో మిగిలిన పిప్పి మీద వేడినీళ్లు పోసి పిండి, చిటికెడు బెల్లం వేసుకుని, గోడవైపు తిరిగి తాగింది. కాసేపటికి నొప్పి సగం తగ్గింది. అది పిప్పి గుణమో, తనకోసం తాను ఏదో చేసుకున్నానన్న తృప్తో ఆమెకు తెలియలేదు. అప్పటినుంచి రోజూ తాగేది.

ఆ తర్వాత పిప్పిని పెరటి గుమ్మం బయట సందులో పోసేది. ఒక మధ్యాహ్నం తలుపు తీసేసరికి ఎవరో ఆడమనిషి ఆ కుప్ప దగ్గర కూర్చుని, పిప్పితో చేతులు రుద్దుకుంటోంది. పక్కన ఖాళీ చేపల గంప.

"ఏందిది?" అంది సుబ్బరత్నమ్మ.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "నీసు వాసన పోవాలని అమ్మా. బూడిదతో రుద్దినా పోదు, చింతపండుతో రుద్దినా పోదు. దీంతో పోతాది. వాసనొస్తే బస్సులో నా పక్కన ఎవురూ కూచోరు."

ఆమె పేరు కామమ్మ. చెరువు దగ్గర గుడిసెలో ఒక్కతే ఉంటుంది. ఆమెకూ భర్త లేడు, పిల్లలూ లేరు.

మరునాటినుంచి సుబ్బరత్నమ్మ పిప్పిని పారబోయకుండా పగిలిన కుండలో ఎండబెట్టి ఉంచేది. కామమ్మ వచ్చి సందులో నిలబడితే, ఈమె గుమ్మం లోపల నిలబడి మాట్లాడేది. ఒకసారి కామమ్మ అరచేతిలో ముల్లు గీసుకున్న గాయం చూసి, "దాని మీద రుద్దబాక, పుండవుతాది. మానిందాకా ఊరికే ఉండు" అంది. తనతో అట్లా చెప్పే మనిషి ఎవరూ లేరని కామమ్మ నవ్వింది.

కొన్నాళ్లకు కామమ్మే ఒక కబురు తెచ్చింది. "పిప్పిని ఆముదంలో కలిపి మడమలకు రుద్దినానమ్మా. ఎంత మెత్తబడినాయో చూడు. నీ కాళ్లు కూడా పగిలి ఉండాయే, ఇట్లా చాపు."

సుబ్బరత్నమ్మ వెనక్కి చూసింది. ఎవరూ లేరు. గడప మీద కూర్చుని కాలు చాపింది. కామమ్మ ఆ కాలు ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగా రుద్దసాగింది. భర్త పోయాక సుబ్బరత్నమ్మను ఎవరూ ముట్టుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నొప్పిగా ఉండాదా?"

"లేదు. రుద్దు."

"రత్నమ్మా!" అని వెనకనుంచి వరలక్ష్మమ్మ కేక వేసింది. "చేపలమ్మేదాని ఒళ్లో కాలు పెట్టి కూచున్నావా? లే! తలకు పోసుకునిగానీ లోపలికి రాబాక."

ఆ సాయంత్రమే పెరటి తలుపుకు తాళం పడింది. మర్నాడు సందులోంచి "అమ్మా" అని పిలుపు వినిపించింది. వదిన పక్కనే కూర్చుని కూర తరుగుతోంది. సుబ్బరత్నమ్మ పలకలేకపోయింది. కామమ్మ ఇంకోసారి పిలిచి, వెళ్లిపోయింది. తర్వాత రాలేదు.

ఆ ఏడు వానలు లేవు. చెరువు ఎండిందని హోటల్లో ఎవరో అనుకుంటుంటే విన్న సుబ్బరత్నమ్మకు మనసు నిలవలేదు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక, ఎవరికీ చెప్పకుండా హోటల్లోంచే బయటికి నడిచింది. ఆ ఊళ్లో ఆమె ఒంటరిగా నడవడం అదే మొదలు.

కామమ్మ గుడిసెకు తడిక కట్టి ఉంది. పక్క గుడిసెలో నాగులమ్మ అనే ముసలామె బయటికి వచ్చింది.

"కామమ్మా? జలదంకి పక్కకు కూలికి పోయినాదమ్మా. నీళ్లు లేకుంటే చేపలేడుంటాయి? ఏ ఊరో చెప్పలా."

"నా గురించి ఏమన్నా చెప్పిందా అవ్వా?"

ముసలామె ఎగాదిగా చూసింది. "హోటలు ఎనకాల ఒకమ్మ ఉండాది అనేది. పిలిస్తే పలకలా, ఒంట్లో బాగలేదేమో అని బాధపడింది. నువ్వేనా?"

"నేనే."

"కూచో. ఎండ తగ్గినాక పోదువు."

సుబ్బరత్నమ్మ అరుగు మీద కూర్చుంది. ఎండిన చెరువులో ఎవరివో మేకలు తిరుగుతున్నాయి.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. ఎక్కడికి పోయావని వదిన అడిగితే దాచకుండా చెప్పింది. వరలక్ష్మమ్మ చాలారోజులు ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందుకీ, అప్పటికీ సుబ్బరత్నమ్మకు పెద్ద తేడా తెలియలేదు.